ముత్తవ్వ కింద చప్పుడు

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం, చలికాలం. అంత చలి మా నగరం అంతకుముందు ఎరగదు. తోటలోని కొలను మీద నీళ్లు గట్టిపడితే, బాతులు దాని మీద నడవబోయి జారిపడుతుంటే జనం నిలబడి నవ్వేవాళ్లు.

నగరం మధ్యలో ఉన్న ఆ మొక్కల తోటకు అప్పటికే రెండు వందల ఏళ్ల వయసు. పగలు అది అందరిదీ. చేతులు పట్టుకుని తిరిగేవాళ్లు, బల్లల మీద కునికే ముసలివాళ్లు, పలకల మీద పేర్లు చదువుకుంటూ పోయే చదువుకున్నవాళ్లు. చీకటి పడ్డాక మాత్రం అద్దాల మేడ పడమటి మూలకి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. తోటలో పనిచేసేవాళ్లయితే అటు తల కూడా తిప్పేవాళ్లు కాదు.

అక్కడ చప్పుడు వినిపిస్తుందని పేరు.

టక్... టక్ టక్... ఇనుము మీద ఇనుము. నేల కిందనుంచి.

మేడ కట్టిన కొత్తలో ఒక తోటమాలి మొక్కల మధ్య నిద్రపోయాడట. చూసుకోకుండా బయట తాళం వేసేశారట. ఆ రాత్రి మేడను వెచ్చగా ఉంచే నిప్పు ఆరిపోయింది... తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు. అప్పటినుంచి చలేసినప్పుడల్లా కొడతాడు. ఎవరైనా చూడ్డానికి వెళ్తే, వాళ్లను తన చోట పడుకోబెట్టి తను బయటికి వస్తాడు.

దెయ్యాలు లేవని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ నాకీ సంగతి చెప్పినవాడు అబద్ధమాడే మనిషి కాడు. చాలా ఏళ్ల తర్వాత రాత్రిబడిలో మేమిద్దరం ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దాం. అప్పటికి ఇద్దరి మీసాలూ నెరిసిపోయాయి. బడి విడిచాక ఇంటికి నడుస్తూ చెప్పాడు. ఒక్కరోజులో కాదు, కొంచెం కొంచెంగా.

తోటలో అతన్ని అందరూ అల్లుడు అనేవాళ్లు. తోట బాయిలర్‌లో నిప్పు చూసే ముసలాయనకు, అంటే బాయిలర్ మామకు అల్లుడు కాబట్టి ఊరందరికీ అల్లుడే. సూపరింటెండెంటు గారు కూడా "అల్లుణ్ణి పిలవండి" అనేవారట. ఇంతమందికి అల్లుణ్ణయ్యాను గానీ ఒక్కడూ భోజనానికి పిలిచిన పాపాన పోలేదని అతను నవ్వేవాడు. నవ్వే రోజులు ఉన్నప్పుడు.

అద్దాల మేడలో ఉన్నవన్నీ వేడిదేశాల మొక్కలు. వాటికి చలి తగిలితే చాలు, ప్రాణం పోతుంది. అందుకని మేడ వెనక నేలమాళిగలో ఒక బాయిలర్ ఉండేది. రాత్రంతా ఒక మనిషి దానికి బొగ్గు వేస్తూ ఉండాలి. కాగిన నీళ్లు లావుపాటి ఇనుప గొట్టాల్లో, నేల కింద సొరంగంలోంచి మేడ చుట్టూ తిరిగి వచ్చేవి. సొరంగమంటే మనిషి నడుం వంచి పోగలిగేంత. అందులోకి దిగడానికి దారి ఒక్కటే. పడమటి మూల, ముత్తవ్వ పక్కన నేలలో బిగించిన ఇనుప మూత.

ముత్తవ్వంటే మనిషి కాదు, చెట్టు. ఎప్పుడో ఓడలో తొట్టెతో సహా వచ్చింది. మొదలు ఏనుగు కాలులా ఉండేది, ఆకులు దువ్వెన పళ్లలా. ఆ జాతిలో అంత వయసున్నది ఇంకెక్కడా లేదని పక్కన పలక మీద రాశారు. దూరదూరాలనుంచి దాన్ని చూడ్డానికే వచ్చేవాళ్లు. వచ్చి, చుట్టూ తిరిగి, "ఇంతేనా" అనుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. తోటవాళ్లకి మాత్రం అది ఇంటి పెద్దది.

మామ ఆ ఏడాది ఎండాకాలంలో రిటైరయ్యాడు. ఆ చోటు అల్లుడికి ఇచ్చారు. ఇచ్చారంటే, ఖాయం చేయలేదు. సూపరింటెండెంటు గారు పిలిచి ఒకటే మాట చెప్పారు. ముత్తవ్వ ఈ చలికాలం గట్టెక్కితే ఉద్యోగం నీది. దానికేమన్నా అయిందా, వేరే మనిషిని చూసుకుంటాం.

ఉద్యోగం ఒక్కటే అయితే అంత గుబులు ఉండేది కాదు. తోట గోడవతల రెండు గదుల క్వార్టరు ఉంది. అది బాయిలర్ మనిషికిచ్చే ఇల్లు. మామ కాపురం పెట్టింది అందులో. ఆయన భార్య పోయింది అందులో. కూతురు పుట్టింది, కిటికీ ఊచలు పట్టుకుని నడక నేర్చింది, పెళ్లయ్యాకా ఉంటున్నది అందులోనే. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. ముగ్గురూ రోడ్డు మీద ఉంటారు.

కాబట్టి మామకు రిటైరైనా నిద్ర లేదు.

తాళంచెవి అల్లుడికి ఇచ్చేశాడు గనక పెద్ద గేటులోంచి, చూడవచ్చిన జనంతో పాటు వరుసలో నిలబడి లోపలికి వచ్చేవాడు. రోజూ. గేటు దగ్గరున్న గంటాయన, అంటే సాయంత్రం గంట కొట్టి జనాన్ని బయటికి పంపే వాచ్‌మన్, ఏడిపించేవాడు.

"ఏం మామా, మొక్కల్ని చూడ్డానికా, అల్లుణ్ణి చూడ్డానికా?"

"మొక్కలనే. అవైతే చెప్పిన మాట వింటాయి."

అలా అనేవాడు గానీ, పని నేర్పింది ఆయనే. ఏళ్లతరబడి బాయిలర్ హోరులో ఆయన చెవులు పోయాయి. మనం అరిచినా సగమే వినబడేది. ఆయన మాత్రం గొట్టం మీద అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి చూసినట్టు చూసేవాడు. మొదటి రాత్రి అల్లుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పాడట.

"ఆ తోటమాలి కొడతాడు. కొట్టాడంటే చలేస్తోందని. నువ్వు పారతో గొట్టం మీద ఒక్క దెబ్బ కొట్టు, విన్నానని. వెంటనే బొగ్గు వెయ్యి. ఆగిపోతాడు."

"ఆగకపోతే...?"

"ఇంకా వెయ్యి. అంతేగానీ లేచి చూడ్డానికి పోకు. నిప్పును వదిలి వెళ్లావా — వాడి చోటు నీది."

అల్లుడు నమ్మాడు. నమ్మకేం చేస్తాడు? చలి ముదిరిన రాత్రుల్లో చప్పుడు నిజంగానే వచ్చేది. ఒక్క దెబ్బ కొట్టి, బొగ్గు వేస్తే నిజంగానే ఆగిపోయేది. భయం పోకపోయినా వాడితో ఒక రకమైన స్నేహం కుదిరిందన్నాడు. కొన్నాళ్లకి "ఉండవయ్యా, వేస్తున్నా" అని పలకరించడం కూడా మొదలుపెట్టాడట.

ఆ రోజు మధ్యాహ్నం సూపరింటెండెంటు గారు ఎవరో పెద్దమనుషులకు అద్దాల మేడ చూపిస్తున్నారు. అల్లుడు పగటిపూట కూడా వచ్చి అద్దాలు తుడుస్తున్నాడు. మామ ముత్తవ్వ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద అరచెయ్యి పెట్టి ఉన్నాడు.

ఉన్నట్టుండి లేచి అల్లుడి మీద విరుచుకుపడ్డాడు. చెవిటివాడి గొంతు, మేడంతా మోగింది. ఈ వైపు నేల చల్లగా ఉందన్నాడు. కింద ఈ వైపుకి వేడినీళ్లు వదిలే వాల్వు పట్టేసిందన్నాడు. ఎద్దులా బొగ్గు వేయడం కాదు, వేడి ఎటు పోతోందో చూసుకోవాలన్నాడు. ఈ రాత్రి చలికి ముత్తవ్వ పోతుంది, దాని వెనకే మనమూ పోతామన్నాడు.

పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సూపరింటెండెంటు గారు గడియారం చూసుకున్నారు.

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. అప్పటికే రాత్రుళ్లు మేలుకుని ఒళ్లు పులిసి ఉన్నాడు. నేల చల్లగా ఉంటే ఇంకో నాలుగు పారలు వేస్తే సరి, దానికి ఇంత రభసేమిటనుకున్నాడు. మామ చెవి దగ్గరికి వెళ్లి, వినపడేలా అన్నాడు.

"మామా, నువ్వు రిటైరైపోయావు. చూడ్డానికి వచ్చావు, చూసి వెళ్లు."

మామ చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. అలాగేనన్నట్టు తలూపి, జనంతో పాటు బయటికి నడిచాడు.

సాయంత్రం గంట మోగింది. మేడకు తాళం పడింది. అల్లుడు నేలమాళిగలోకి దిగి తలుపు వేసుకున్నాడు.

చీకటి పడ్డ కాసేపటికే గాలి ఆగిపోయింది. గాలి లేని చలి ఇంకా చెడ్డది... పైన అద్దాల మీద మంచు పేరుకుంటుంటే సన్నగా చిటచిటమని వినబడేది. అల్లుడు పార పట్టాడు. మామ మీద కోపమంతా బొగ్గు మీద చూపించాడు. ఒక్కో పారకీ మనసులో ఒక్కో మాట. తెల్లారనీ మామా... నీ ముత్తవ్వ ఆకు కూడా వాడదు... అప్పుడు మాట్లాడుకుందాం.

నిప్పు భగభగమంది. బాయిలర్ మీద వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఎక్కనంత పైకెక్కింది.

అప్పుడు వచ్చింది.

టక్... టక్... టక్.

అల్లుడు ఆగాడు. నిప్పు ఇంత బాగా ఉన్నప్పుడు తోటమాలి ఎప్పుడూ కొట్టలేదు. చలి అలాంటిది కదా అనుకున్నాడు. పార తిప్పి గొట్టం మీద ఒక్క దెబ్బ కొట్టాడు, విన్నానని. బొగ్గు వేశాడు.

ఆగలేదు.

టక్ టక్ టక్... కాస్త ఆగి, మళ్లీ టక్ టక్ టక్. ఎప్పుడూ ఒక తీరూ తెన్నూ లేకుండా వచ్చే చప్పుడు... ఆ రాత్రి మనిషి తలుపు తట్టినట్టు వచ్చింది.

మళ్లీ ఒక్క దెబ్బ. మళ్లీ బొగ్గు.

అది ఇంకా పెరిగింది. వరసపెట్టి, ఊపిరి తీసుకోకుండా, పిచ్చెత్తినట్టు — గొట్టం మీద ఆనించిన పార చేతిలో అదిరిపోతోంది. పైకి పోయి చూద్దామా అని ఒక్కసారి అనిపించిందట. మెట్టు మీద కాలు కూడా పెట్టాడు. వాడి చోటు నీది... మామ గొంతే చెవిలో వినబడింది. కాలు వెనక్కి తీశాడు.

"వేస్తున్నా..." అని గొణిగాడు. "వేస్తున్నానయ్యా, ఓర్చుకో..."

చొక్కా విప్పేసి వేశాడు. అరచేతులు బొబ్బలెక్కేదాకా వేశాడు. చప్పుడు వచ్చిన ప్రతిసారీ బదులుగా ఒక్క దెబ్బ కొట్టడం మాత్రం మానలేదు. విన్నాను... విన్నాను... విన్నాను.

కొంతసేపటికి చప్పుడు నెమ్మదించింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

చలి తీరిందన్నమాట అనుకున్నాడు. గోడకు చేరగిలబడ్డాడు. మామ చెప్పిన మాట పొల్లుపోలేదని, తెల్లారాక ఆయన కాళ్లు పట్టుకోవాలని, మధ్యాహ్నం అన్న మాట వెనక్కి తీసుకోవాలని కూడా అనుకున్నాడట. నిప్పు మాత్రం తగ్గనివ్వలేదు. రాత్రంతా అదే మంట.

తెల్లవారబోతుండగా, ఇంకా చీకటి పూర్తిగా వీడకముందు...

టక్.

ఒక్కటే. మెల్లగా.

అది తోటమాలి కొట్టే తీరు కాదు. అది తను కొట్టే తీరు. విన్నానని చెప్పే దెబ్బ... అటువైపునుంచి వచ్చింది.

పార ఎత్తాడు గానీ బదులు కొట్టడానికి చెయ్యి రాలేదు. ఇంకో చప్పుడు కోసం కూర్చున్నాడు. రాలేదు.

వెలుగు వచ్చాక తలుపు తోసుకుని అతని భార్య మెట్లు దిగింది. కొంగు తలమీదుగా చెవులకు చుట్టుకుని ఉంది. చేతుల్లో రెండు గ్లాసుల టీ, పొగలు కక్కుతూ. అల్లుడు ఒకటి అందుకున్నాడు. ఆమె రెండోది పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"నాన్నేడీ?"

"ఇంట్లో లేడూ?"

"రాత్రి రాలేదుగా. చలి ఎక్కువైంది, నీకు తోడుగా ఇక్కడే ఉండిపోయాడనుకున్నా."

అల్లుడు ఆమె మొహం చూశాడు. గొట్టం చూశాడు. పార చూశాడు.

ఆ తర్వాత ఎలా పైకెక్కాడో తనకు గుర్తు లేదన్నాడు. గంటాయన తాళం తీస్తుంటే అతన్ని పక్కకు నెట్టి లోపలికి పరిగెత్తాడు. మేడలో వేడి, ఎండాకాలం నట్టనడుమలా. ముత్తవ్వ పచ్చగా, నిటారుగా ఉంది. పక్కన ఇనుప మూత వేసి ఉంది. గడియ పెట్టి ఉంది.

మూత ఎత్తగానే ఆవిరి మొహానికి కొట్టింది.

మామ మూత కిందే ఉన్నాడు, మెట్టు మీద తల పెట్టుకుని. ఒక చేతికి చొక్కా చుట్టుకున్నాడు, కాలే గొట్టాన్ని పట్టుకోవడానికి. ఇంకో చేతిలో పానా అలాగే ఉంది. లోపల కొంత దూరంలో వాల్వు తిరిగి ఉంది. పట్టేసిన దాన్ని ఆయన విడిపించాడు. ముత్తవ్వ వైపు వేడినీళ్లు పారింది అందుకే. వాల్వు మెడ దగ్గర పాత బిగింపు వదులై, ఆవిరి బుసకొడుతోంది.

గంటాయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. సాయంత్రం మేడంతా తిరిగి చూస్తుంటే మూత తెరిచి కనబడిందట. పగటివాళ్లు మర్చిపోయారు, ఎవరైనా పడతారని తిట్టుకున్నాడు. ఎవరైనా ఉన్నారా అని లోపలికి కేక కూడా వేశాడు. బదులు రాలేదు. మూసి గడియ పెట్టాడు.

కేక వినాల్సిన చెవులు ఎప్పుడో పోయాయి కదా.

మామ ఎందుకు చెప్పకుండా దిగాడని ఎవరూ అడగలేదు. చూసి వెళ్లమన్నాక ఇంకెవరికి చెబుతాడు? జనం తగ్గాక తిరిగి వచ్చి దిగాడు. రెండు నిమిషాల పనే అనుకుని ఉంటాడు.

దహనమయ్యాక పెద్దమాలి అల్లుణ్ణి పక్కకు పిలిచాడు. మామతో సమానంగా ముసలివాడు. గడ్డం గోక్కుంటూ చెప్పాడు.

"ఆ చచ్చిన తోటమాలి ఎవడూ లేడ్రా. అది మీ మామ పుట్టించిన కథ."

నిప్పు తగ్గితే గొట్టాలు చల్లబడతాయి. చల్లబడే ఇనుము కొట్టుకుంటుంది. అంటే చప్పుడు వచ్చిందంటే బొగ్గు వేయాలని అర్థం. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా రాత్రిపూట కుర్రవాళ్లు నిద్రపోయేవాళ్లు. లేదా నిప్పును వదిలేసి పైకి తిరగడానికి పోయేవాళ్లు. దెయ్యమంటే నిద్రపోరు. చూడ్డానికి పోతే చస్తావంటే కదలరు. ఆ కథతోనే మామ ఏళ్లతరబడి ముత్తవ్వను కాపాడాడు.

అంటే ఆ రాత్రి కింద ఉన్న మామకు అంతా తెలుసు. చెవులు లేకపోయినా గొట్టం మీద చెయ్యి పెడితే దెబ్బ తెలుస్తుంది. తను కొట్టిన ప్రతిసారీ ఒక్క దెబ్బ బదులు వస్తుందని తెలుసు. ఆ దెబ్బ వెనక ఏమొస్తుందో తెలుసు. అల్లుడు పైకి రాడని తెలుసు. తెలిసి కూడా కొట్టాడు. ఇంకేముంది ఆయనకు, కొట్టడం తప్ప?

ఇక్కడివరకూ నాకు పేచీ లేదు. పేచీ అంతా చివరి దెబ్బ దగ్గరే.

ప్రాణం అర్ధరాత్రికి ముందే పోయిందని డాక్టరు చెప్పాడట. శరీరం చూసి, గట్టిగా చెప్పాడట. మరి తెల్లవారుజామున కొట్టింది ఎవరు?

గొట్టం చల్లబడి కొట్టుకుని ఉంటుందిలే అన్నాను.

అల్లుడు వీధి దీపం కింద ఆగాడు. పలకా బలపం చంకలో ఉన్నాయి.

"నిప్పు అప్పుడు భగభగమంటోంది" అన్నాడు.

నేను వాదించాను. డాక్టర్లు పొరపాటు పడతారన్నాను. నిద్రమత్తులో నీకే అలా వినిపించి ఉంటుందన్నాను. "విన్నానని మామ కొట్టాడు, ఏం విన్నాడో చెప్పలేదు" అన్నాడు. అంతే.

ముత్తవ్వ గట్టెక్కింది. ఒక్క ఆకు వాడలేదు. వసంతం రాగానే సూపరింటెండెంటు గారు మాట నిలబెట్టుకున్నారు, ఉద్యోగం ఖాయమైంది. భార్య అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదన్నాడు.

మరుసటి చలికాలం గొట్టాలు మళ్లీ కొట్టుకున్నాయి. ఎందుకో ఇప్పుడతనికి తెలుసు. బొగ్గు వేస్తే చాలనీ తెలుసు. తెలిసినా, చప్పుడు వినగానే పార వదిలేసి పైకి పరిగెత్తేవాడు. మూత ఎత్తి, లాంతరు దింపి, మామా అని పిలిచి, ఎవరూ లేరని చూసుకుని వచ్చేవాడు. వచ్చేసరికి నిప్పు తగ్గేది. నిప్పు తగ్గితే గొట్టం కొట్టుకునేది. మళ్లీ పరిగెత్తేవాడు.

ఒక రాత్రంతా అలాగే తిరిగాడు. తెల్లారేసరికి ముత్తవ్వ ఆకులు నల్లబడ్డాయి. చిగురు వేస్తుందేమోనని వసంతం దాకా చూశారు. వేయలేదు. మొదలంటా కోసి బయటికి మోసుకెళ్లారు.

అల్లుడి ఉద్యోగం పోయింది. క్వార్టరు ఖాళీ చేయించారు. మామ పోయి అప్పటికి ఏడాది దాటింది.